మట్టిదారికి టూ-స్ట్రోక్ ఇంజిన్: ఏది తీసుకున్నాను, ఎంతవరకు కదిపాను

టూ-స్ట్రోక్ ఇంజిన్‌తో మట్టిలో తిప్పే బండి ఒకటి కట్టుకుంటున్నానని చెప్పిన ప్రతిసారీ విన్నవాళ్లు అడిగే మొదటి మాట "ఎంత లాగుతుంది?" అన్నదే. నాలుగేళ్ల కిందట నేనూ ఆ ప్రశ్నతోనే పనిలోకి దిగాను. ఒక సిలిండర్ బ్లాకు, రెండు పిస్టన్లు, లెక్క రాయడం మానేసినంత డబ్బు పోయాక గాని, పందెపు రోడ్డు మీద వేసే ప్రశ్న మట్టిలో పనికిరాదని తెలిసిరాలేదు. గుంజుడు ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర మొదలవుతుంది, మధ్యలో తెగకుండా ఎంత పైదాకా పోతుంది, ఇంజిన్ వేడెక్కాక కూడా ఎంతసేపు అలాగే నిలుస్తుంది అన్నవే ఇక్కడ అడగవలసినవి. మన ఊళ్లలో ట్యూనింగ్ పేరుతో జరిగే పని చాలావరకు డ్రాగ్ పందేల కోసం, అంటే తిన్నని రోడ్డు మీద కొద్ది దూరం దూసుకుపోయే పోటీల కోసం పుట్టినది. దాన్ని ఉన్నదున్నట్టుగా మట్టికి తెచ్చుకుంటే ఏమవుతుందో నా బ్లాకు మీదే చూశాను కనుక, ఇంజిన్ ఎంపిక దగ్గర నుంచి వరసగా రాస్తున్నాను.

ముందుగా నేను బండి నడిపే చోటు గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంజిన్‌ను ఎంచేది చివరికి నేలే. వికారాబాద్ వైపు మా బావగారికి పన్నెండు ఎకరాల చెలక ఉంది. అందులో కంచె వెంబడి సుమారు 350 మీటర్ల తిన్నని బాట, వానాకాలంలో తప్ప నీళ్లుండని చిన్న వాగు, దాని అవతల వదులు మొరంతో నిండిన గుట్ట వాలు ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చి రోడ్డెక్కించకూడదు కాబట్టి, నా బండి పొలం దాకా ట్రాలీ ఆటోలో పోయి, అక్కడే తిరిగి, మళ్లీ ట్రాలీ ఆటోలోనే ఇంటికి వస్తుంది. గుట్ట వాలు మీద వెనక చక్రం జారకుండా నెమ్మదిగా లాగాలి, వాగు ఇసుకలో ఊపు తగ్గకూడదు, తిన్నని బాట మీద మాత్రమే కాసేపు పూర్తి థ్రాటిల్ తెరుచుకుంటుంది. ఈ మూడింటిలో రెండు పనులు తక్కువ ఆర్‌పీఎంలోని బలంతో అయ్యేవే.

పాత టూ-స్ట్రోక్ ఇంజిన్లలో మన దగ్గర దొరికేవి కొద్దిపాటివే. మైసూరులో తయారైన యెజ్డీ 250ది 65 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 75 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం). స్ట్రోకు పొడుగ్గా ఉండడం వల్ల అడుగున దాని లాగుడు ముచ్చటగా ఉంటుంది, మొరం వాలును రెండో గేరులో తాపీగా ఎక్కేస్తుంది. కానీ బండి బరువైనది. వాగు ఇసుకలో ఒరిగిందంటే లేపడానికి పక్కన ఇంకొకరు ఉండాలి, నేను సాధారణంగా ఒక్కడినే వెళ్తాను. ఎస్కార్ట్స్ సంస్థ 1983లో రాజ్‌దూత్ పేరుతో తెచ్చిన ఆర్‌డీ 350ది 347 సీసీల జంట సిలిండర్ల ఇంజిన్. దాన్ని తెచ్చి మట్టిలో పడేసేవారితో నాకు వాదనా లేదు, స్నేహమూ లేదు. సుజుకీ షోగన్ హుషారైన ఇంజిన్, కాని దాని బలమంతా పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది. ఇక పుట్టుకతోనే మట్టికోసం చేసిన విదేశీ ఇంజిన్లు, యమహా వైజెడ్ 250, కేటీఎం 300 వంటివి, నా స్తోమతకు అందేవి కావు. అయినా వాటిని చదవడం వల్ల ఒక సంగతి నేర్చుకున్నాను. కేటీఎం 300లో బోరూ స్ట్రోకూ రెండూ 72 మి.మీ., అంటే 293 సీసీ. ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే రంధ్రం) పైఅంచును తక్కువ ఆర్‌పీఎంలో కిందికి దించి ఎక్కువ ఆర్‌పీఎంలో పైకి ఎత్తే పవర్ వాల్వ్ ఈ ఇంజిన్లలో ఉంటుంది. కింద లాగుడు పోకుండా పైన బలం రాబట్టడానికి తయారీదారులు అంత యంత్రాంగం పెట్టారంటే, అది లేని మన పాత ఇంజిన్లలో రెండింటిలో ఒకటే దక్కుతుందని ఒప్పుకోక తప్పదు.

చివరికి తేలినవి యమహా ఆర్‌ఎక్స్ 100, ఆర్‌ఎక్స్ 135. ఈ రెండింటి స్ట్రోకూ 50 మి.మీ. మొదటిదాని బోరు కూడా 50 మి.మీ. కావడం వల్ల 98 సీసీ, రెండోదాని బోరు 58 మి.మీ. కావడం వల్ల 132 సీసీ. అంటే ఊపిరి మూడో వంతుకు పైగా ఎక్కువ. మట్టిలో ఆ ఊపిరికి సాటి వచ్చే ట్యూనింగ్ లేదు. పైగా 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100 మంచి స్థితిలో ఎక్కడైనా దొరికినా, దాన్ని కోసి మొరంలో దొర్లిస్తే పాపం తగులుతుందేమోనన్న భయం నాకుంది. కాబట్టి ఐదు గేర్లున్న 135 ఇంజిన్‌నే తీసుకున్నాను. రెండింటిలోనూ రీడ్ వాల్వ్ ఉంది. క్రాంక్‌కేసు (పిస్టన్ కింద క్రాంకు తిరిగే పెట్టె) లోపల పీల్పు పుట్టినప్పుడు దాని రేకులు తెరుచుకుని, ఒత్తిడి పెరిగినప్పుడు మూసుకుంటాయి కనుక, పిస్టన్ పాదమే పోర్టును తెరిచి మూసే పాత పద్ధతి కంటే తక్కువ ఆర్‌పీఎంలో కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం) వైపు పెట్రోలు ఎగదన్నడం తగ్గుతుంది. కొన్న రోజునే ఆ రేకులను తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. ఒక రేకు కొన దగ్గర సన్నని వెలుగు గీత కనబడడంతో రెండూ మార్చేశాను.

ఇక నా మొదటి తప్పు. బండి తెచ్చిన ఉత్సాహంలో సిలిండర్‌ను నగరంలో పందెపు బళ్లు చేసే ఒక దుకాణంలో ఇచ్చి పోర్టింగ్, అంటే పోర్టులను చెక్కి మార్చే పని, చేయించాను. వాళ్లు ఎగ్జాస్ట్ పోర్టును 2 మి.మీ. పైకి ఎత్తారు. వినడానికి రెండు మిల్లీమీటర్లే. కానీ 50 మి.మీ. స్ట్రోకున్న ఇంజిన్‌లో, పోర్టు తెరుచుకునే ఆ చోట పిస్టన్ ఒక డిగ్రీకి సుమారు 0.44 మి.మీ. కదులుతుంది. కాబట్టి పోర్టు నాలుగున్నర డిగ్రీలు ముందే తెరుచుకుని, నాలుగున్నర డిగ్రీలు ఆలస్యంగా మూసుకుంటుంది. మొత్తం తొమ్మిది డిగ్రీలు. ఆలస్యంగా మూసుకోవడమంటే పిస్టన్ గాలిని నిజంగా నొక్కే దూరం కూడా రెండు మిల్లీమీటర్లు తగ్గినట్టే. దాంతో 5,500 ఆర్‌పీఎం లోపు ఇంజిన్ పడుకుని, ఆపైన ఒక్కసారిగా లేచేది. మొరం వాలు మీద దాని పర్యవసానం ఏమిటంటే, సగం దాకా గిలగిలలాడుతూ ఎక్కి, హఠాత్తుగా బలం వచ్చి, చక్రం అక్కడికక్కడే గుంత తవ్వుకునేది.

ఆ బ్లాకును మల్లేపల్లిలో నాకు తెలిసిన ఉస్తాద్ దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన పోర్టులో వేలు పెట్టి తడిమి, "సార్, గీ పోర్టు గింత పైకి లేపితే పైన మంచిగ గుంజుతది, కింద సచ్చిపోతది. మీరేమో కిందనే తిరుగుతుంటిరి" అని బ్లాకును నా చేతికి తిరిగి ఇచ్చేశారు. తీసేసిన లోహాన్ని మళ్లీ పెట్టలేము. ఇంకో పాత బ్లాకును వెతికి కొన్నాను. ఈసారి పోర్టుల ఎత్తు ఎక్కడా ముట్టుకోలేదు. ట్రాన్స్‌ఫర్ పోర్టుల (క్రాంక్‌కేసు నుంచి తాజా మిశ్రమం సిలిండర్‌లోకి ఎక్కే దారులు) దగ్గర బ్లాకు అంచు, క్రాంక్‌కేసు అంచు, మధ్యలోని ప్యాకింగ్ అంచు ఒకదానికొకటి కలిసేలా సన్నని ఆకురాయితో సర్దడం వరకే చేశాను.

పోర్టులు ముట్టుకోకుండానే అడుగున బలం పెంచే దారి ఒకటుంది, అది హెడ్ దగ్గర ఉంటుంది. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని అంచుకూ హెడ్ అంచుకూ మధ్య మిగిలే సందును స్క్విష్ అంటారు. ఆ సందు సరిపడా ఇరుకుగా ఉంటే, అంచుల్లోని గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం చివరి క్షణంలో మధ్యలోకి చిమ్ముకుపోయి త్వరగా, పూర్తిగా కాలుతుంది. వదులుగా ఉంటే ఆ మూలలో మిగిలిన మిశ్రమం తన ఇష్టం వచ్చినప్పుడు పేలి నాకింగ్ పుట్టిస్తుంది. కొలవడానికి ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే 2 మి.మీ. సోల్డర్ తీగ చాలు. పిస్టన్ పిన్ను ఏ దిశలో ఉందో ఆ దిశలోనే, రెండు వైపులా అంచులకు తగిలేలా తీగను పడుకోబెట్టి, హెడ్ బిగించి, చేత్తో క్రాంకును ఒకసారి తిప్పి తీగను తీసి కొలవాలి. వేరే దిశలో పెడితే పిస్టన్ కొద్దిగా ఊగి కొలత తప్పుతుంది. నాకు 1.6 మి.మీ. వచ్చింది. బ్లాకు కింద ఉన్న అర మిల్లీమీటరు ప్యాకింగ్ బదులు పావు మిల్లీమీటరుది వేశాను. దాంతో సందు తగ్గడంతో పాటు బ్లాకు మొత్తం కిందికి దిగి, పోర్టులు కూడా ఇంజిన్ అడుగు బలానికి అనుకూలంగా ఒక డిగ్రీ వరకు మారాయి. ఆపైన లేత్ షాపులో హెడ్‌ను మరో పావు మిల్లీమీటరు చెక్కించగా సందు 1.1 మి.మీ. దగ్గర నిలిచింది. 0.8 కంటే దిగువకు పోయే ధైర్యం నాకు లేదు. ఎక్కువ ఆర్‌పీఎంలో కనెక్టింగ్ రాడ్ సాగుతుంది, బేరింగుల వదులు తోడవుతుంది, పిస్టన్ వెళ్లి హెడ్‌కు కొట్టుకుంటుంది.

తరువాత సైలెన్సర్. టూ-స్ట్రోక్‌లో సైలెన్సర్ పొగ పోయే గొట్టం మాత్రమే కాదు, అది ఇంజిన్‌లో సగం. తూర్పు జర్మనీలో ఎంజెడ్ సంస్థకు పనిచేసిన వాల్టర్ కాడెన్ ఈ కిటుకును 1950లలో పట్టాడు. 1961లో ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం నుంచి పారిపోయి ఆ విద్యను సుజుకీకి చేరవేయగా, మరుసటి ఏడే ఆ సంస్థకు 50 సీసీ ప్రపంచ టైటిల్ దక్కింది. కిటుకు ఇదీ: ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే బయలుదేరిన ఒత్తిడి అల, సైలెన్సర్ చివరి శంకువుకు తగిలి వెనక్కి వచ్చి, పోర్టు మూసుకోబోయే ముందు బయటికి జారిన తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి తోసేయాలి. అది సమయానికి రావాలంటే దూరం సరిగ్గా ఉండాలి. వేడి పొగలో అల వేగం సెకనుకు 500 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఒక చుట్టుకు 8.57 మిల్లీసెకన్లు పడుతుంది. పోర్టు 180 డిగ్రీలు తెరిచి ఉంటుందనుకుంటే 4.3 మిల్లీసెకన్లు, ఆ వ్యవధిలో అల పోయి రాగలిగేది 2.14 మీటర్లు, ఒకవైపు దూరం 107 సెంటీమీటర్లు. అదే 9,000 ఆర్‌పీఎంకు లెక్కిస్తే 83 సెంటీమీటర్లే. డ్రాగ్ బళ్లకు చేసే పొట్టి సైలెన్సర్ తెచ్చి మట్టి బండికి తగిలిస్తే, కింది ఆర్‌పీఎంలో ఆ అల పోర్టు ఇంకా తెరిచి ఉండగానే ముందే వచ్చి, చేయవలసిన మేలు బదులు కీడు చేస్తుంది. నేను ఒక మిల్లీమీటరు రేకుతో శంకువులు చుట్టించి, పిస్టన్ ముఖం నుంచి వెనక శంకువు మధ్య వరకు 108 సెంటీమీటర్లు ఉండేలా వెల్డింగ్ చేయించాను. తోక గొట్టాన్ని మాత్రం ముందు కొద్దిగా సన్నగా పెట్టి, పిస్టన్ తల వేడెక్కుతుందని తేలాక కోసి లావుది వేయవలసి వచ్చింది. చూడడానికి అందంగా లేదు. వెల్డింగ్ మచ్చల మీద తుప్పు కూడా పట్టింది.

కార్బురేటర్ గురించి చాలామంది తొందరపడతారు గాని, నా మటుకు నాకు నెలలు పట్టింది అక్కడే. మికుని స్లైడ్ కార్బురేటర్‌లో థ్రాటిల్ ఎంత తెరిచామన్నదాన్ని బట్టి ఒక్కో భాగం పనిచేస్తుంది. ఎనిమిదో వంతు వరకు స్లో జెట్ (జెట్ అంటే పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రం), ఎయిర్ స్క్రూ, ఆ తరువాత పావు వంతు వరకు స్లైడ్ కింది కోత, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అక్కడి నుంచి మెయిన్ జెట్. ఏ చోట ఇబ్బంది ఉందో తెలియాలంటే థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో కంటికి కనబడాలి. మా ఆవిడ బొట్టుబిళ్లలు నాలుగు అడిగి తీసుకుని, గ్రిప్పు మీద ఒకటి, స్విచ్చు డబ్బా మీద పావు, సగం, ముప్పావు గుర్తులకు మూడు అంటించాను. పెట్రోలు ఎక్కువైతే ఇంజిన్ ఒక చుట్టు వదిలి ఒక చుట్టు పేలుతున్నట్టు గొంతు బొంగురు పోతుంది. తక్కువైతే శబ్దం పొడిగా మారి, థ్రాటిల్ వదిలాక కూడా ఆర్‌పీఎం దిగకుండా కాసేపు వేలాడుతుంది. ముందు మెయిన్ జెట్‌ను కావలసినదానికంటే పెద్దదిగా పెట్టి ఒక్కో సైజు దింపుతూ రావాలి. చిన్నదానితో మొదలుపెట్టి పైకి పోయేవాళ్లు పిస్టన్లు కొనడానికి సిద్ధపడాలి. ప్రతి జెట్‌కూ కొత్త ప్లగ్ వేసి, తిన్నని బాట మీద పూర్తి థ్రాటిల్‌లో పోయి, అదే క్షణంలో క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, అక్కడే ప్లగ్ విప్పి చూడాలి. నెమ్మదిగా ఇంటిదాకా నడుపుకొచ్చి చూస్తే ప్లగ్ చెప్పేది ఐడ్లింగ్ సంగతే. ప్లగ్ మార్చేటప్పుడు ఇంకొక పొరపాటుకు తావుంది. ఎన్‌జీకే ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ వేడిని త్వరగా వదిలే చల్లని ప్లగ్ అవుతుంది, బాష్ ప్లగ్‌లలో అంకె తగ్గేకొద్దీ చల్లనిది. ఒకదాని అలవాటుతో రెండోదాన్ని కొంటే సరిగ్గా తలకిందులవుతుంది.

ఇదంతా చివరికి కుదిరింది మే నెలలో. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో బండి గడియారంలా నడిచింది. డిసెంబరులో ఒక ఉదయం ఏడు గంటలకు, మంచు ఇంకా విడవని వేళ, అదే జెట్‌తో కంచె బాట మీద మూడో గేరులో పూర్తిగా తెరిచాను. బాట చివర్లో శబ్దం సన్నబడి, కీచుమని ఒక చిన్న అరుపు వినిపించి, వెనక చక్రం బిగుసుకుపోయింది. రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచుకునే అలవాటు వల్ల కింద పడకుండా ఆగాను. బోరుబావి దగ్గర పళ్లు తోముకుంటున్న మా బావగారు "ఏం బావా, పండుకుందా బండి?" అని పలకరించారు. నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు.

లెక్క వేసుకుంటే తప్పు నాదే. గాలి సాంద్రత దాని ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. 42 డిగ్రీలంటే 315 కెల్విన్లు, ఆ ఉదయం ఉన్న 12 డిగ్రీలంటే 285. అంటే డిసెంబరు గాలి మే గాలి కంటే పది శాతం చిక్కన. జెట్ మాత్రం అదే పెట్రోలు ఇచ్చింది. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కుతుంది. దాంతో పాటు వచ్చే నూనె కూడా చాలదు. దీనికి మరో కారణం తోడైంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ పూర్తిగా కాలడానికి దాని బరువుకు తొమ్మిది రెట్ల గాలి చాలు, మామూలు పెట్రోలుకు పద్నాలుగున్నర రెట్లకు పైగా కావాలి. కాబట్టి ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే అదే గాలికి ఏడెనిమిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ ఇంజిన్ గీసిన రోజుల్లో ఆ లెక్క ఎవరూ వేసి ఉండరు. పాత పుస్తకాలు చెప్పిన జెట్ సైజును నమ్ముకున్నవాళ్లందరూ ఈ రోజు పలచని మిశ్రమంతోనే తిరుగుతున్నారు.

ఇంజిన్ విప్పితే పిస్టన్ మీద కథంతా రాసి ఉంది. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే నిలువుగా గీతలు పడి, రింగు ఆ పక్క గాడిలో ఇరుక్కుపోయింది. చల్లని ఇంజిన్‌ను వేడెక్కనివ్వకుండా తొక్కితే గీతలు నాలుగు మూలలా పడతాయి. నాకు ఒకే వైపు పడ్డాయంటే అది మిశ్రమం పలచబడిన సంగతే. పిస్టన్ తల అంచులు మాత్రం నున్నగానే ఉన్నాయి. నాకింగ్ ఉండి ఉంటే అక్కడ చెదలు తిన్నట్టు గుంతలు పడేవి, అంటే హెడ్ పని తప్పు కాదు. బ్లాకు గోడకు అంటుకున్న అల్యూమినియాన్ని చేతులకు తొడుగులు వేసుకుని, పుల్లకు చుట్టిన దూదితో బాత్‌రూమ్ యాసిడ్ కొద్దికొద్దిగా అద్ది కరిగించాను. లోపలి స్లీవు ఇనుము కాబట్టి తట్టుకుంటుంది గాని, ఆ యాసిడ్ ఒక్క చుక్క బయటి రెక్కల మీద పడితే అల్యూమినియం కనుక తినేస్తుంది. అయినా గీత లోతుగా ఉండడంతో పావు మిల్లీమీటరు ఓవర్‌సైజుకు బోర్ చేయించక తప్పలేదు. బోర్ చేసిన బ్లాకును తీసుకునేటప్పుడు పోర్టుల అంచులు వేలితో తడిమి చూడాలి. కత్తిలా పదునుగా ఉంటే సన్నని ఆకురాయితో మొండి చేసుకోవాలి, లేకపోతే రింగు వాటిలో తట్టుకుని విరుగుతుంది. చాలా లేత్ షాపులవాళ్లు ఆ పని తమది కాదనుకుంటారు.

ఇంకా అనుమానం తీరక క్రాంక్ సీళ్లు కూడా పరీక్షించాను. టూ-స్ట్రోక్‌లో క్రాంక్‌కేసు గాలి చొరనిదిగా ఉండాలి. మ్యాగ్నెట్ (క్రాంకు చివర తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు కారితే బయటి గాలి లోపలికి పీల్చుకుని మిశ్రమం పలచబడుతుంది. క్లచ్ వైపు సీలు కారితే గేర్ ఆయిల్ లోపలికి పోయి తెల్లని పొగ వస్తుంది. పరీక్షకు చదరపు అంగుళానికి ఆరు పౌన్ల ఒత్తిడి చాలు. మా అమ్మగారి పాత బీపీ యంత్రం మూలన పడి ఉంది. దాని గడియారం మీద 300 దగ్గర ఉండే ముల్లు సరిగ్గా 5.8 పౌన్లకు సమానం. కార్బురేటర్, సైలెన్సర్ నోళ్లను ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి మూసి, ప్లగ్ రంధ్రంలోంచి ఆ బుడగతో గాలి కొట్టి, ముల్లును చూస్తూ కూర్చున్నాను. ఆరు నిమిషాలు కదలకుండా ఉండవలసిన ముల్లు రెండు నిమిషాల్లో 220కి దిగింది. సబ్బు నురగ పూయగా మ్యాగ్నెట్ వెనక బుడగలు లేచాయి. నా పిస్టన్‌ను తిన్న నేరస్థులు ముగ్గురని అలా తేలింది.

నూనె విషయంలో పాత పంపును తీసేసి, లీటరు పెట్రోలుకు 25 మి.లీ. చొప్పున కలిపి పోస్తున్నాను. కొలవడానికి మందుల దుకాణంలోని పెద్ద సిరంజి కంటే మంచి సాధనం లేదు. జాసో ఎఫ్‌డీ (టూ-స్ట్రోక్ నూనెలకు జపాన్ వాళ్ల నాణ్యతా ప్రమాణం) ముద్ర ఉన్న నూనె వాడితే ఎగ్జాస్ట్ పోర్టులో బొగ్గు పేరుకోవడం తగ్గింది. భయంకొద్దీ నూనె ఎక్కువ కలిపేవాళ్లకు ఒక మాట: అదే జెట్‌లోంచి నూనె ఎక్కువ పోతే పెట్రోలు తక్కువ పోతుంది, అంటే మిశ్రమం ఇంకా పలచబడుతుంది. కలిపిన ఇంధనాన్ని రెండు వారాలకు మించి ఉంచను, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాలు దిగేటప్పుడు థ్రాటిల్ మూసి ఇంజిన్‌తోనే బండిని ఆపే అలవాటు ఫోర్-స్ట్రోక్ వాళ్లది. ఇక్కడ థ్రాటిల్ మూస్తే నూనె కూడా ఆగిపోతుంది కనుక, మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒక్కసారి తిప్పి వదలాలి.

గేరింగ్‌కు ఎక్కువ మాటలు అక్కర్లేదు. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించడం వెనక దాదాపు మూడు పళ్లు పెంచడంతో సమానం, ఖర్చు మాత్రం నాలుగో వంతు. నేను ముందు ఒక పన్ను తగ్గించాను, గుట్ట వాలు దానితోనే సగం సులువైంది. ఎర్రదుమ్ము సంగతి ఇంతకంటే ముఖ్యం. నూనెలో తడిపి పిండిన స్పాంజి ఫిల్టర్ వేసి, ప్రతిసారీ ఇంటికి రాగానే కార్బురేటర్ రబ్బరు లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూస్తాను. గుడ్డ మీద ఎర్రని చార కనబడిన రోజు, ఆ దుమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో దొరికేవరకు బండి కదలదు. అలాగే వాగులోంచి వచ్చాక రెక్కల మధ్య ఎండిన బురదను పుల్లతో గీకడం కూడా ట్యూనింగే. గాలితో చల్లబడే ఇంజిన్‌కు మట్టి దుప్పటి కప్పి జెట్‌ను తిట్టుకోవడంలో అర్థం లేదు.

ప్రస్తుతం మెయిన్ జెట్ మే నెలలో ఉన్నదానికంటే రెండు సైజులు పెద్దది, నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి, ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్లు. మ్యాగ్నెట్ బరువు తగ్గించడం పందెపు బళ్లవాళ్ల పద్ధతి. నాకు కావలసింది దానికి వ్యతిరేకం కనుక, మొరం మీద ఇంజిన్ హఠాత్తుగా ఆగిపోకుండా మ్యాగ్నెట్ చుట్టూ బిగించడానికి ముప్పావు కిలో ఉక్కు వలయం ఒకటి లేత్ మీద తిప్పిస్తున్నాను. క్రాంక్ చివర అంత బరువు ఊగకుండా తిరగాలంటే వలయం ఖచ్చితంగా కేంద్రంలో కూర్చోవాలి. మొదటిసారి చేసినది వందో వంతు మిల్లీమీటర్లలో పది పక్కకు వచ్చిందని ఉస్తాద్ వెనక్కి పంపించారు. రెండోది సంక్రాంతి తరువాత ఇస్తామన్నారు.